డిశ్చార్జి అయ్యాకే అసలు ఖర్చు మొదలవుతుంది

ప్రశ్న: మా వారికి 39 ఏళ్లు. ఐదు నెలల కిందట బైక్ ప్రమాదంలో తలకు పెద్ద దెబ్బ తగిలింది. ఆసుపత్రి బిల్లు చాలావరకు బీమాలో వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నారు, బాగానే మాట్లాడుతున్నారు. కాకపోతే మొన్న కరెంటు బిల్లు ఒకే పూట రెండుసార్లు కట్టేశారు. సెలవులు అయిపోయి జీతం ఆగింది. చేతిలో డబ్బు రెండు నెలలకు వస్తుంది. మూడు నెలల్లో ఉద్యోగంలో చేరతానంటున్నారు. ఫిక్స్‌డ్ డిపాజిట్లు కదపొద్దన్నారు. అప్పటిదాకా ఇంటి ఈఎంఐకి, థెరపీకి పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. ఇదే పొరపాటు చాలామంది చేస్తున్నారు కాబట్టి కాస్త గట్టిగానే చెబుతున్నాను.

మీ లెక్కంతా ‘మూడు నెలలు’ అన్న మాట మీదే ఉంది. ఆ మాట డాక్టరు అన్నారా, ఆయనే అన్నారా? మెదడుకు గాయమైనవాళ్లలో కొందరికి తమ ఇబ్బంది తమకే తెలియదు. అదీ గాయంలో భాగమే. సాధారణంగా మొదటి ఆరు నెలల్లో త్వరగా కోలుకుంటారు, తర్వాత వేగం తగ్గుతుంది. రెండేళ్లు దాటాక కూడా మెరుగుపడేవాళ్లున్నారు. నడక, మాట వచ్చాయంటే ఏకాగ్రత, జ్ఞాపకం, ఓపిక కూడా వచ్చేశాయని కాదు. గంటసేపు మీటింగ్‌లో కూర్చుని వచ్చి, మిగతా రోజంతా పడుకోవాల్సి వచ్చేవాళ్లుంటారు. ఉద్యోగంలో చేరినా మొదట సగం పూటే కావచ్చు, జీతమూ తగ్గొచ్చు. రాని జీతాన్ని నమ్ముకుని అప్పు చేస్తే, ఆ అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేయాల్సి వస్తుంది. లోన్ యాప్‌ల జోలికి, క్రెడిట్ కార్డులో మినిమం కట్టి నెట్టుకురావడం జోలికి అసలు వెళ్లకండి.

ఉద్యోగం పోతే ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలంటాం. మీకు అది చాలదు. కనీసం 18 నెలల ఇంటిఖర్చు, థెరపీ ఖర్చు కలిపి పక్కన పెట్టండి. ఎక్కడినుంచి అంటారా? ఆ డిపాజిట్ల నుంచే. దాచుకున్నది ఇలాంటి రోజు కోసమే కదా! ముందే తీస్తే పోయే కాస్త వడ్డీ, పర్సనల్ లోన్ వడ్డీతో పోలిస్తే లెక్కలోకే రాదు. సిప్‌లు (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టే డబ్బు) ఉంటే ఈ నెలే ఆపేయండి.

బీమా పాలసీ మళ్లీ చదవండి. డిశ్చార్జి తర్వాతి ఖర్చులు ఎన్ని రోజుల వరకు ఇస్తారో, ఆఫీసు గ్రూప్ పాలసీలో ప్రమాద వైకల్యానికి కవర్ ఉందో చూడండి. క్లెయిమ్‌కు గడువు ఉంటుంది. ఆయన ఉద్యోగం వదిలేయాల్సి వస్తే, ఆ పాలసీ సంగతి తేల్చుకున్నాకే రాజీనామా ఇవ్వనివ్వండి. ఇప్పుడు కొత్త పాలసీ దొరకడం కష్టం.

రెండుసార్లు కట్టిన బిల్లును మతిమరుపని వదిలేయకండి. నుదుటి వెనకున్న మెదడు భాగం దెబ్బతింటే డబ్బు విషయంలో ఆచితూచి వ్యవహరించడం కష్టమవుతుంది. డాక్టరుకు తప్పకుండా చెప్పండి. మీ వారితో మాట్లాడి, ఒప్పించి, ఫోన్ చెల్లింపులకు చిన్న పరిమితి పెట్టండి, మెసేజ్‌లు మీకూ వచ్చేలా చూసుకోండి. చిన్న ఖాతా ఒకటి మాత్రం పూర్తిగా ఆయన చేతిలోనే ఉంచండి. ఇన్నేళ్లూ ఇల్లు నడిపిన మనిషి.

ఈఎంఐ తప్పకముందే, డిశ్చార్జి సమ్మరీ పట్టుకుని బ్యాంకుకు వెళ్లండి. గడువు పెంచి వాయిదా తగ్గించమని అడగండి. థెరపీ మాత్రం ఒక్క వారం కూడా ఆపకండి.