గోడలకు 24 లక్షలు చాలు: లైబ్రరీ కట్టించబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఊళ్లో లైబ్రరీ కట్టించాలని 80 లక్షలు పక్కన పెట్టావని తెలిసి చాలా సంతోషించాను. నువ్వు పంపిన ప్లానూ చూశాను. ముందు నాలుగు స్తంభాలు, తొమ్మిది మెట్లు, లోపల గ్రానైటు. 80 లక్షలూ గోడలకే పోతున్నాయి. అలా కట్టొద్దు. ఎందుకు వద్దంటున్నానో అమెరికా ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ చేసిన పనిని ముందు పెట్టుకుని చెబుతాను. ప్రపంచంలో 2,509 లైబ్రరీలకు డబ్బిచ్చిన మనిషి ఆయన. ఆయన పెట్టిన షరతులు నీకు అవసరం, చేసిన పొరపాట్లు ఇంకా అవసరం.

కార్నెగీ చేనేత ఇంటి బిడ్డ. 1835లో స్కాట్లాండ్‌లోని డన్ఫర్మ్‌లిన్‌లో పుట్టాడు. ఆవిరి మగ్గాలు వచ్చాక తండ్రి మగ్గానికి పని లేకుండా పోయింది. 1848లో 20 పౌండ్లు అప్పు చేసి అమెరికా వెళ్లారు. పదమూడో ఏట నూలు మిల్లులో కండెలు మార్చే పనికి కుదిరాడు, కూలి వారానికి 1 డాలరు 20 సెంట్లు. తర్వాత పిట్స్‌బర్గ్‌లో టెలిగ్రాములు ఇంటింటికీ అందించే కుర్రాడు. అక్కడ కర్నల్ జేమ్స్ ఆండర్సన్ అనే పెద్దమనిషి తన సొంత పుస్తకాలు సుమారు 400 పనిచేసుకునే కుర్రాళ్లకు శనివారాల్లో ఇచ్చేవాడు. ఇంటికి తీసుకెళ్లి చదివి, మళ్లీ వారం మార్చుకోవచ్చు. కార్నెగీ చదువంతా దాదాపు అదే. కొన్నాళ్లకు ఆ లైబ్రరీలో ఒక నియమం వచ్చింది: చేతిపని నేర్చుకునే అప్రెంటిసులకే ఉచితం, మిగతావాళ్లు ఏడాదికి 2 డాలర్లు కట్టాలి. పదిహేడేళ్ల ఈ కుర్రాడు పత్రికకు ఉత్తరం రాసి ఆ నియమాన్ని సడలింపజేశాడు.

అందుకని నీ మొదటి నియమం ఇలా రాసుకో: సభ్యత్వ రుసుం లేదు, డిపాజిట్టు లేదు, పిల్లలు కూడా పుస్తకం ఇంటికి తీసుకెళ్లవచ్చు. కొన్ని పుస్తకాలు తిరిగి రావు. ఆ నష్టాన్ని బడ్జెట్లోనే వేసుకో. పోతాయన్న భయంతో బీరువాకు తాళం వేసిన లైబ్రరీలో పుస్తకాలు భద్రంగానే ఉంటాయి, చదివేవాళ్లే ఉండరు.

రైల్వేలో, ఇనుప వంతెనల్లో, ఉక్కులో కార్నెగీ ఎదిగిన తీరు నీకు తెలిసిందే. టన్ను ఉక్కుకు ఏ దశలో ఎంత ఖర్చవుతోందో ఎప్పటికప్పుడు లెక్క తీయించేవాడు. 1901లో కంపెనీని 48 కోట్ల డాలర్లకు అమ్మేశాడు. దానంలోనూ అదే లెక్క. ఏ ఊరైనా లైబ్రరీ అడిగితే ఆయన కార్యదర్శి జేమ్స్ బర్ట్రమ్ ముందు ఒక ప్రశ్నల కాగితం పంపేవాడు. జనాభా ఎంత, ఇప్పుడు లైబ్రరీ ఉందా, పుస్తకాలెన్ని, స్థలం ఉందా, ఏటా నిర్వహణకు పురపాలక సంఘం ఎంత ఇస్తుంది? స్థలం ఊరు ఇవ్వాలి. భవనానికి ఆయన ఇచ్చిన మొత్తంలో 10 శాతం ఊరు ప్రతి ఏడాదీ ఖర్చు పెడతానని తీర్మానం చేయాలి. ఆ తర్వాతే డబ్బు.

ఆ 10 శాతాన్ని నీ లెక్కలో పెట్టి చూడు. భవనం, సామాను, పుస్తకాలు కలిపి 30 లక్షలైతే ఏటా 3 లక్షలు కావాలి. మన పంచాయతీకి అంత ఇచ్చే స్తోమత లేదు. ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది కానీ, అది జిల్లా గ్రంథాలయ సంస్థకు వెళ్లాల్సిన డబ్బు. కాబట్టి ఆ 3 లక్షలు నీ మూలధనం నుంచే రావాలి. 6 శాతం వడ్డీ అనుకుంటే 50 లక్షలు డిపాజిట్టులో ఉండాలి. అంటే గోడల కంటే నిధే పెద్దది. 24 లక్షలు భవనానికి, 6 లక్షలు ర్యాకులకు, బల్లలకు, పుస్తకాలకు, 50 లక్షలు నిధికి. నీ 80 లక్షలు సరిగ్గా సరిపోతాయి.

ఆ 3 లక్షలు ఎటు పోతాయంటావా? రోజుకు ఆరు గంటల పనికి లైబ్రేరియన్‌కు నెలకు 12,000 చొప్పున 1,44,000. ఇంతకు తగ్గించకు. దినపత్రికలు, మాసపత్రికలు 25,000. కొత్త పుస్తకాలు 50,000. కరెంటు, ఊడ్పు, చిన్న మరమ్మతులు 36,000. మిగిలిన 45,000 మళ్లీ నిధిలోనే వెయ్యి, ఎందుకంటే జీతాలు, ధరలు ఏటా పెరుగుతాయి, డిపాజిట్టు దానంతటది పెరగదు. ఆ 50 లక్షల అసలును ముట్టుకోకూడదని, లైబ్రరీ నడపడానికి నువ్వు పెట్టే ట్రస్టు డీడులోనే రాయించు.

మీ కంపెనీ సీఎస్ఆర్ డబ్బు, అంటే సమాజానికని కంపెనీ పెట్టే ఖర్చు, కలుపుదామనుకుంటున్నావు. పబ్లిక్ లైబ్రరీ ఏర్పాటు కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్‌లో ఉంది, భవనానికి వాడవచ్చు. కానీ ట్రస్టు మూలనిధికి ఇచ్చిన విరాళం 2021 జనవరి నుంచి సీఎస్ఆర్ ఖర్చు కింద చెల్లదు. ఆ 50 లక్షలు నీ సొంత జేబులోంచే రావాలి. ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్ల సంగతి ఆడిటరుతో మాట్లాడి, ట్రస్టు పెట్టిన వెంటనే దరఖాస్తు చేయించు. ట్రస్టీలు ఐదుగురు చాలు. మీ ఇంటి నుంచి ఇద్దరికి మించొద్దు. హైస్కూలు ప్రధానోపాధ్యాయులు ఎవరుంటే వారు హోదా రీత్యా సభ్యులుగా ఉండేలా రాయించు. నీ మేనేజర్‌ను ట్రస్టీగా పెట్టకు, నీకు కాదని చెప్పలేడు. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు ఉండాలి.

స్థలం దగ్గరే ఎక్కువ పనులు చెడిపోతాయి. తాతగారి ఖాళీ స్థలం ఇస్తామంటున్నారు కదా, అది ఉమ్మడి ఆస్తి. వాటాదారులందరూ, ఆడపిల్లలతో సహా, సంతకాలు పెట్టాలి. నోటిమాట దానం చెల్లదు. ఇద్దరు సాక్షులతో దానపత్రం రాయించి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరు చేయించాలి. అంతకుముందు ఈసీ, అంటే ఆ ఆస్తి మీద నమోదైన లావాదేవీల ధ్రువపత్రం, తీయించి ఎక్కడా తనఖా లేదని చూసుకో. పోరంబోకు గానీ, అసైన్డ్ భూమి గానీ అంటే ఆ ఆలోచనే మానెయ్యి.

ఇక భవనం. కార్నెగీ మొదట్లో ప్లాను చూడకుండానే డబ్బిచ్చాడు. అది గుమ్మటాలకు, స్తంభాలకు, చలిమంట గూళ్లకు పోయి, పుస్తకాలకు చోటు తగ్గింది. విసిగిపోయిన బర్ట్రమ్ 1911లో మాదిరి ప్లాన్లతో ఒక చిన్న పుస్తకం వేయించాడు. ఒకే పెద్ద గది, మధ్యలో గోడలు లేకుండా ర్యాకులే అడ్డుగా, వెనక కిటికీలు నేలకు ఆరడుగుల ఎత్తున, వాటి కింద గోడ పొడవునా పుస్తకాలు. లైబ్రేరియన్ ఒక్కరే బల్ల దగ్గర కూర్చుని గదంతా చూడగలగాలి. నీకూ అదే కావాలి. చదరపు అడుగుకు 2,000 అనుకుంటే 1,200 చదరపు అడుగులకు 24 లక్షలు. ఉత్తరం వైపు ఎత్తు కిటికీలు పెట్టించు, ఎండ పుస్తకాల మీద పడితే కాగితం పసుపెక్కి పెళుసవుతుంది. వరద రాని చోటు గనక నేల మీద రెండడుగుల ఎత్తు అరుగు (ప్లింతు) చాలు, దానికి 24 అడుగుల ర్యాంపు. తొమ్మిది మెట్లు ఎక్కలేని ముసలివాళ్లే పొద్దున్నే పేపరుకు వచ్చేది.

పునాది దశలోనే, ఫ్లోరింగు వేయకముందే, మట్టికి చెదల మందు కొట్టించు. తర్వాత చేయిస్తే సగం పనే. గోడలో చెక్క బీరువాలు వద్దు. ఇనుప ర్యాకులు, గోడకు నాలుగంగుళాలు ఎడంగా. మూడడుగుల అరకు 25 పుస్తకాలు పడతాయి, ఆరు అరల ర్యాకుకు 150. ఇరవై ర్యాకులుంటే 3,000. పిల్లల వైపు నాలుగడుగుల ఎత్తు మించకూడదు. స్లాబుకు వాలు, నీళ్లు పోయే గొట్టాలు దగ్గరుండి చూసుకో, లైబ్రరీలను ఎక్కువగా పాడుచేసేది పైకప్పు కారడమే.

పుస్తకాలకు కార్నెగీ డబ్బిచ్చేవాడు కాదు, అది ఊరి పని అన్నాడు. 1916లో ఆల్విన్ జాన్సన్ అనే ఆర్థికవేత్త సుమారు వంద లైబ్రరీలు తిరిగి చూస్తే భవనాలు బాగున్నాయి గానీ, చాలాచోట్ల మంచి పుస్తకాలు లేవు, శిక్షణ ఉన్న సిబ్బంది లేరు. మరుసటి ఏడాది కొత్త భవనాలకు డబ్బివ్వడం ఆపేశారు. మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు అమృతాంజనం మీద సంపాదించింది ఆంధ్ర గ్రంథమాల పెట్టి పుస్తకాల మీదే పెట్టారు. నువ్వు మొదట లక్ష రూపాయల పుస్తకాలే కొను. అడిగిన పుస్తకం లేకపోతే దాని పేరు రాసే రిజిస్టరు ఒకటి పెట్టి, ఆరు నెలల తర్వాత దాన్ని బట్టి మిగతావి కొను. ‘పాత పుస్తకాలు దానం చేయండి’ అని ప్రకటించకు. మారిపోయిన సిలబస్ గైడ్లే వచ్చి ర్యాకులు నిండిపోతాయి.

ఒక్క మాట కాస్త గట్టిగా చెబుతాను, ఏమీ అనుకోకు. 1892లో కార్నెగీ స్కాట్లాండ్‌లో ఉండగా అమెరికాలో ఆయనదే అయిన హోమ్‌స్టెడ్ ఉక్కు కర్మాగారంలో కార్మికులతో గొడవ జరిగింది. భాగస్వామి ఫ్రిక్ ప్రైవేటు కాపలాదళాన్ని దింపితే కాల్పుల్లో రెండువైపులా మనుషులు చనిపోయారు. యూనియన్ విరిగిపోయింది. 1898లో అదే ఊరికి కార్నెగీ లైబ్రరీ ఇచ్చాడు. రోజుకు 12 గంటలు కొలిమి ముందు నిలబడినవాడు ఏ వేళకు వచ్చి చదువుతాడు? నీ మిల్లులో హమాలీలకు, డ్రైవర్లకు పీఎఫ్ సరిగ్గా కడుతున్నారా, ఓవర్‌టైం డబ్బు ఇస్తున్నారా, వారానికి ఒక సెలవు ఉందా, ఇవి ముందు చూసుకో. బాకీ ఏమైనా ఉంటే ఈ 80 లక్షల్లోంచే తీర్చి, లైబ్రరీని ఆ మేరకు చిన్నది చెయ్యి. ఆ తర్వాత వేళలు వాళ్లకు కుదిరేలా పెట్టు: పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది. ఆదివారం తెరిచి, సోమవారం సెలవివ్వు.

ఈ వారంలో ఆర్కిటెక్టుకు ఆపమని చెప్పి, బర్ట్రమ్ అడిగిన ప్రశ్నలే పంచాయతీకి రాసి పంపు. కరెంటు బిల్లయినా మేం కడతామని వాళ్లు తీర్మానం చేస్తే మేలే. వాళ్ల జవాబు, ఈసీ, వాటాదారుల పేర్లు నాకు పంపించు. దానపత్రం ముసాయిదా అవి చూశాకే రాయిద్దాం.

మీ అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మామయ్య