డ్రాప్స్‌లో 5 ఎం.ఎల్. అంటే 500 మిల్లీగ్రాములు

ప్రశ్న: మా పాపకు ఏడాదిన్నర, బరువు 10 కిలోలు. జ్వరమొస్తే పారాసెటమాల్ సిరప్ ఒక చెంచాడు పడతాం. పోయిన నెల షాపులో డ్రాప్స్ ఇస్తే అవీ 5 ఎం.ఎల్. పట్టేశాం. అనుమానమొచ్చి ఆసుపత్రికి పరుగెత్తితే, ఒక్కసారే కాబట్టి ఫర్వాలేదన్నారు. మందు ఒకటే కదండీ, తేడా ఎక్కడొచ్చింది? రోజంతా అలాగే పట్టి ఉంటే?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మందు ఒకటేనమ్మా, చిక్కదనం వేరు. సీసా మీద పేరు కింద సన్నటి అక్షరాల్లో ఉండే వరుస చూడండి. సిరప్‌లో 5 ఎం.ఎల్.కు 120 మిల్లీగ్రాములు, కొన్నిట్లో 250 ఉంటుంది. డ్రాప్స్‌లో మామూలుగా ఒక్క ఎం.ఎల్.కే 100. పసివాళ్లు ఎక్కువ మింగలేరని అంత చిక్కగా చేస్తారు. మోతాదు చెప్పకుండా డ్రాప్స్ చేతిలో పెట్టడం షాపువాళ్ల తప్పే.

కిలోకు 15 చొప్పున మీ పాపకు విడతకు 150 మిల్లీగ్రాములు చాలు. 120 సిరప్ అయితే 6 ఎం.ఎల్., 250 అయితే 3, డ్రాప్స్ అయితే ఒకటిన్నర. మళ్లీ వేయడానికి కనీసం 4 నుంచి 6 గంటలు ఆగాలి, రోజుకు నాలుగు విడతలు దాటకూడదు. మీరు పట్టింది 500. అదే నాలుగుసార్లు పడితే రోజులో కిలోకు 200 అయ్యేది. అంత పడితే పాప హుషారుగా ఉన్నా ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించాల్సిందే.

ఎందుకంటే, ఈ మందులో కొద్ది భాగం కాలేయంలో విషంగా మారుతుంది. దాన్ని గ్లూటాథయోన్ అనే పదార్థం ఎప్పటికప్పుడు విరిచేస్తుంటుంది. మోతాదు మించితే ఆ నిల్వ అయిపోతుంది. లంఖణం పరమౌషధమంటూ జ్వరం పిల్లలకు తిండి మాన్పిస్తే ఇంకా తొందరగా తరిగిపోతుంది. అందుకే గంజో, పాలో ఏదో ఒకటి కొద్దికొద్దిగా పడుతూనే ఉండండి.

మొదటి రోజు ఒకటి రెండు వాంతులు తప్ప ఏమీ కనిపించకపోవచ్చు. కాలేయం దెబ్బతిన్న సంగతి రెండో రోజో, మూడో రోజో బయటపడుతుంది. విరుగుడు ఎన్-ఎసిటైల్ సిస్టీన్. ఒకేసారి ఎక్కువ మింగినప్పుడు 8 గంటల్లోపు మొదలుపెడితే బాగా కాపాడుతుంది. కాబట్టి చూద్దాంలే అనుకోవద్దు. ఉప్పునీళ్లు తాగించి కక్కించొద్దు. సీసా వెంట తీసుకెళ్లి, ఎన్ని గంటలకు, ఎంత పట్టారో చెప్పండి.

వంటింటి చెంచాలు ఒక్కోటి ఒక్కో కొలత. పెట్టెలో వచ్చిన డ్రాపరో, సూది లేని సిరంజో వాడండి. జలుబు సిరప్ కూడా పడుతుంటే అందులో పారాసెటమాల్ ఉందేమో చూడండి. ఉంటే రెండూ కలిపి పట్టొద్దు.