బడి కోసం ఇల్లు కొనాలా, బడి దగ్గర అద్దెకుండాలా?

ప్రశ్న: మా వారు గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో, నేను కూకట్‌పల్లిలో ఒక బ్యాంకు శాఖలో ఉద్యోగం చేస్తున్నాం. చేతికందే జీతాలు ఆయనకు 1.35 లక్షలు, నాకు 55 వేలు. కేపీహెచ్‌బీ కాలనీలో 26 వేల అద్దెకు ఉంటున్నాం. వచ్చే జూన్‌లో బాబు ఆరో తరగతికి, పాప యూకేజీకి వస్తారు. పీఎఫ్, పాప పేరిట ఉన్న సుకన్య సమృద్ధి ఖాతా కాక, డిపాజిట్లు, మ్యూచువల్ ఫండ్లు కలిపి 28 లక్షలున్నాయి. నల్లగండ్లలో నిర్మాణంలో ఉన్న ఫ్లాటు 1.15 కోట్లు చెబుతున్నారు. పక్కనే ఉన్న పెద్ద స్కూల్లో ఒక్కొక్కరికి ఏడాదికి 2.4 లక్షల ఫీజు. బాచుపల్లిలో ఆరేళ్ళ కిందట కట్టిన ఫ్లాటు 78 లక్షలకు వస్తోంది; అక్కడి స్కూల్లో ఫీజు 1.1 లక్షలు. మా ఆడపడుచు భర్త కొల్లూరు వైపు ప్రీ లాంచ్‌లో, అంటే అనుమతులు రాకముందే అమ్మే పద్ధతిలో, 62 లక్షలకే ఫ్లాటు ఇప్పిస్తానంటున్నారు. నల్లగండ్లలో మేం చూసిన లాంటి ఫ్లాట్లు 35 వేల అద్దెకు దొరుకుతున్నాయి. పిల్లల చదువు కోసం అప్పు కాస్త ఎక్కువైనా పరవాలేదని మా వారు అంటున్నారు. నాకు భయంగా ఉంది. ఏది మంచిది?

జవాబు: మీ భయంలో అర్థముంది. అయితే పిల్లలకు మంచి బడి దొరకాలన్న మీ వారి తపన కూడా తప్పు కాదు. చిక్కల్లా ఎక్కడుందంటే, బడి నిర్ణయాన్నీ ఇంటి నిర్ణయాన్నీ మీరిద్దరూ ఒకే ముడి వేసి చూస్తున్నారు. అమెరికాలో ప్రభుత్వ పాఠశాలలో సీటు చాలా చోట్ల ఇంటి చిరునామాను బట్టి వస్తుంది కనుక, అక్కడున్న మన బంధువులు మంచి స్కూలు పరిధి చూసుకొని ఆ పరిధిలోనే ఇల్లు కొంటారు. ఆ మాటలు మనం ఫోన్లో వింటూ ఇక్కడా అదే పద్ధతి అనుకుంటున్నాం. హైదరాబాద్‌లో మీరు చూస్తున్న ప్రైవేటు స్కూలు మీ ఇంటి దస్తావేజు అడగదు. ఫీజు కట్టగలిగితే అద్దె ఇంటి పిల్లవాడికీ సొంత ఇంటి పిల్లవాడికీ అక్కడ తేడా లేదు. కాబట్టి స్కూలు పక్కన ఉండటానికి కోటి రూపాయలు పెట్టి కొనవలసిన అవసరమేమీ లేదు.

రెండో సంగతి కాలం. మన తెలుగు కుటుంబాల్లో పిల్లలు పదో తరగతి కాగానే చాలామంది స్కూలు వదిలి ఇంటర్ కాలేజీకి మారిపోతారు. హాస్టల్లో చేరితే ఇల్లే మారిపోతుంది. మీ బాబు ఆరులో చేరితే ఆ స్కూల్లో ఉండేది ఐదేళ్ళు. మీరు తీసుకునే అప్పు ఇరవై ఏళ్ళది, అంటే 240 వాయిదాలు. అందులో 60 పూర్తి కాకముందే బాబు టెన్త్ పరీక్షలు రాసేస్తాడు. నల్లగండ్ల ఫ్లాటుకు 8 శాతం వడ్డీతో 86 లక్షల పైచిలుకు అప్పు తీసుకున్నారనుకుంటే, ఆ 60 వాయిదాలు కట్టాక కూడా అసలు ఇంకా 75 లక్షలకు పైగా మిగిలి ఉంటుంది. పాప మాత్రం పదకొండేళ్ళు చదువుతుంది, నిజమే. కానీ యూకేజీ పిల్లకు ఈ రోజు సరిపోయిన స్కూలు ఎనిమిదో తరగతిలోనూ సరిపోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. యాజమాన్యాలు మారతాయి, మంచి టీచర్లు వెళ్ళిపోతారు.

ఇప్పుడు నల్లగండ్ల లెక్క పూర్తిగా వేద్దాం. 75 లక్షలు దాటిన గృహరుణానికి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఇంటి విలువలో 75 శాతం వరకే బ్యాంకు ఇవ్వవచ్చు. 1.15 కోట్లలో అది 86.25 లక్షలు, మిగతా 28.75 లక్షలు మీ చేతి నుంచి పెట్టాలి. మీ పొదుపు మొత్తం అక్కడితోనే అయిపోయింది. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 8.6 లక్షలు, దీన్ని బ్యాంకు ఇంటి విలువలో కలిపి లెక్కించదు. నిర్మాణంలో ఉన్న ఫ్లాటు కనుక 5 శాతం జీఎస్టీ, మరో 5.75 లక్షలు. అలమరలు, లైట్లు, వంటగది పని మొదలుపెట్టక ముందే 43 లక్షలు కావాలి. లోటు 15 లక్షలు. ఈ లోటును పర్సనల్ లోనుతోనో, బంగారం కుదువ పెట్టో, పీఎఫ్ తీసో పూడ్చుకుందామని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. దయచేసి ఆ మాట దగ్గరే ఆగిపోండి.

నెలవారీ భారం ఇంకా కష్టంగా ఉంది. ఈఎంఐ 72,100 రూపాయలు, ఇద్దరి ఫీజు నెలకు పరచి చూస్తే 40 వేలు, మెయింటెనెన్స్ 5 వేలు అనుకుందాం. మొత్తం 1.17 లక్షలు, అంటే మీ ఇద్దరి జీతాల్లో 62 శాతం. ఇల్లు చేతికొచ్చే వరకు ఇప్పటి అద్దె 26 వేలు కూడా కడుతూనే ఉండాలి. ఇక ఫీజు విషయానికొస్తే, చాలామంది దాన్ని ఈఎంఐ లాగా స్థిరంగా ఉండే ఖర్చు అనుకొని లెక్క వేస్తారు. నేను మాత్రం దాన్ని ఏటేటా పెరిగే రెండో ఈఎంఐ అంటాను. ఏడాదికి 10 శాతం చొప్పున పెరుగుతుందనుకుంటే ఈ 40 వేలు ఐదేళ్ళ తర్వాత 64 వేలవుతుంది.

అప్పు 75 లక్షలు దాటదు కనుక బాచుపల్లి ఫ్లాటుకు 80 శాతం వరకు, అంటే 62.4 లక్షల అప్పు పుడుతుంది. మీరు పెట్టవలసింది 15.6 లక్షలు, రిజిస్ట్రేషన్ ఖర్చు 5.85 లక్షలు, కలిపి దాదాపు 21.5 లక్షలు. నివాసయోగ్యతా పత్రం, అదే ఓసీ, ఉన్న పాత ఫ్లాటు కనుక జీఎస్టీ ఉండదు. ఈఎంఐ 52,200, ఫీజులు 18,300, మెయింటెనెన్స్ మూడున్నర వేలు. మొత్తం 74 వేలు, జీతాల్లో 39 శాతం. చేతిలో ఆరున్నర లక్షలు మిగులుతాయి. ఈఎంఐ, ఫీజులు, ఇంటి ఖర్చు కలిపి మీకు నెలకు 1.15 లక్షలవుతుందనుకుంటే, ఆరు నెలలకు 6.9 లక్షలు పక్కన ఉండాలి. కాబట్టి ఆ మిగిలిన డబ్బును కొత్త సోఫాకో, మాడ్యులర్ కిచెన్‌కో ముట్టుకోకండి. ఆరేళ్ళ ఇంట్లో ఉన్న అలమరలు ఇంకో ఐదేళ్ళు పనికొస్తాయి.

నా దగ్గరికి వచ్చే ప్రతి జంటనూ నేను అడిగే ప్రశ్న ఒకటుంది: ఇద్దరిలో ఒక జీతం ఆగిపోతే రెండోది ఈఎంఐని మోయగలదా? మీ వారి ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో కనుక ఈ ప్రశ్న మీకు మరీ ముఖ్యం. బాచుపల్లి వాయిదా 52 వేలు, మీ జీతం 55 వేలు. కటాకటిగానైనా ఇల్లు నిలబడుతుంది, పక్కన పెట్టిన సొమ్ముతో ఫీజులూ తిండీ పది నెలల దాకా గడిచిపోతాయి. నల్లగండ్ల వాయిదా 72 వేలు. మీ జీతమంతా ఇచ్చినా ఇంకా 17 వేలు తక్కువ. మీ వారితో మాట్లాడేటప్పుడు మిగతా అంకెలన్నీ వదిలేసి ఈ రెండే ముందు పెట్టండి.

ఇంకో దారి కూడా ఉంది: ఇప్పుడు కొనకుండా, నల్లగండ్లలో 35 వేలకు అద్దెకు దిగి, పిల్లలను ఆ పెద్ద స్కూల్లోనే చేర్చడం. 1.15 కోట్ల ఇంటికి మీరు కట్టే అద్దె ఏడాదికి 4.2 లక్షలు; అదే ఇల్లు కొంటే మొదటి నెల వాయిదాలో వడ్డీ భాగమే 57,500 రూపాయలు. అద్దె డబ్బు గోడకు కొట్టినట్టేనని పెద్దలంటారు గానీ, ఈ ధరల దగ్గర వడ్డీ డబ్బు అంతకన్నా గట్టిగా గోడకు తగులుతోంది. అద్దె 35 వేలు, ఫీజులు 40 వేలు కలిపి 75 వేలు. బాచుపల్లి సొంత ఇంటి ఖర్చు కూడా దాదాపు అంతే. కనుక మీ ముందున్న అసలు ఎంపిక మధ్యస్థమైన బడితో సొంత ఇల్లా, ఖరీదైన బడితో అద్దె ఇల్లా అన్నదే. మొదటి ఏడు రెండూ సమానంగా కనిపిస్తాయి, ఆ తర్వాత దూరం పెరుగుతుంది. అద్దె ఏటా 5 శాతం, ఫీజు 10 శాతం పెరిగితే ఐదేళ్ళకు అద్దె దారి 1.09 లక్షలకు చేరుతుంది; వాయిదా పెద్దగా మారదు కనుక బాచుపల్లి దారి 86 వేల దగ్గర ఉంటుంది. వడ్డీ 9 శాతానికి పెరిగినా వాయిదా మరో 4 వేలు పెరుగుతుందంతే. అద్దె దారిలో మీ 28 లక్షలు చెక్కుచెదరకుండా పెరుగుతాయన్నది నేను కాదనను. అయినా మీ జీతాలకు, మీ మనస్తత్వానికి బాచుపల్లే నప్పుతుందని నా అభిప్రాయం. అయితే రెండు విషయాలు మీరు స్వయంగా చూసుకున్న తర్వాతే.

ఒకటి ప్రయాణం. కిందటేడు ఒక కుటుంబం ఫ్లాటు చూడటానికి వెళుతూ నన్నూ తోడు రమ్మంది. ఆదివారం పదకొండు గంటలకు ఆ ఇంటి నుంచి స్కూలుకు పన్నెండు నిమిషాల్లో చేరాం. నా మాట మీద వాళ్ళు మళ్ళీ సోమవారం ఉదయం ఏడున్నరకు వచ్చారు. అదే దారికి నలభై నిమిషాలు పట్టింది. ఆ అపార్ట్‌మెంట్ గేటు ముందు, ఐదారేళ్ళ పిల్లవాడొకడు బ్యాగు భుజాన వేసుకొనే కళ్ళు మూసుకొని గోడకు ఆనుకొని ఉంటే, వాళ్ళమ్మ టిఫిన్ డబ్బా మూతలో చట్నీ వేసి ఇడ్లీ ముక్క నోట్లో పెడుతూ బస్సు కోసం రోడ్డు వైపు చూస్తోంది. ఆ కుటుంబం ఆ ఫ్లాటు కొనలేదు. మీరు కూడా బాచుపల్లి నుంచి మియాపూర్ మీదుగా గచ్చిబౌలికి మీ వారిని ఒక వారం పనిదినాల్లో వెళ్ళి రమ్మనండి. మీకు మాత్రం మియాపూర్ చేరితే మెట్రోలో కూకట్‌పల్లి నేరుగా వస్తుంది. నల్లగండ్లకూ దాని ఇబ్బంది దానికుంది. పెద్ద వాన పడినప్పుడు లింగంపల్లి రైల్వే అండర్ బ్రిడ్జి కింద నీళ్ళు నిలిస్తే ఆ సాయంత్రం ఎలా గడుస్తుందో అక్కడివారిని అడగండి.

రెండోది స్కూలు. ఫీజు ఎక్కువైతే చదువు బాగుంటుందని, తక్కువైతే ఉండదని నేను నమ్మను; ఈత కొలనుకూ ఏసీ గదులకూ ఫీజులో పెద్ద వాటా పోతుంది. రెండు స్కూళ్ళకూ వెళ్ళి కొన్ని సంగతులు అడగండి. గుర్తింపు ఏ బోర్డుది, నంబరెంత? ‘సీబీఎస్ఈ తరహా’ అని గేటు మీద రాసుకున్నంత మాత్రాన అనుబంధం ఉన్నట్టు కాదు. సీబీఎస్ఈ వెబ్‌సైటులో నంబరు కొట్టి చూసుకోవచ్చు. ఏడో తరగతి లెక్కల టీచరు ఎన్నేళ్ళుగా అక్కడే ఉన్నారు? సెక్షన్‌కు ఎంతమంది? గడిచిన మూడేళ్ళలో ఫీజు ఎంతెంత పెరిగింది? బస్సు, పుస్తకాలు, యూనిఫాం కలిపితే మొత్తం ఎంత? ఆఖరి ప్రశ్నకు కాగితం మీద రాసి ఇమ్మనండి. అన్నిటికన్నా విలువైనది అక్కడ చదువుతున్న పిల్లల నోట్‌బుక్కు. బాచుపల్లిలో ఆ అపార్ట్‌మెంట్‌లోనే ఇద్దరు ముగ్గురు తల్లులు దొరుకుతారు. వాళ్ళ పిల్లల నోట్సు టీచరు దిద్దారో, ఊరికే సంతకం గీసి వదిలేశారో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఆ నోటు పుస్తకాల్లో ఏ శ్రద్ధా కనిపించకపోతే నా సలహాను పక్కన పెట్టి, ఇల్లు కొనడం వాయిదా వేసి, అద్దె దారి పట్టండి.

ప్రీ లాంచ్ గురించి ఒక్క మాటలో చెప్పాలంటే, వద్దు. స్థిరాస్తి నియంత్రణ సంస్థ అయిన రెరాలో నమోదు కావలసిన ప్రాజెక్టును నమోదు కాకముందే అమ్మడం చట్టవిరుద్ధం. నమోదైన ప్రాజెక్టులోనైనా అమ్మకపు ఒప్పందం రిజిస్టరు కాకముందు ధరలో 10 శాతం మించి తీసుకోకూడదు. 62 లక్షలు ముందే కట్టించుకొని కాగితం మీద ఫ్లాటు నంబరిచ్చే చోట, మీ పిల్లల ఫీజు డబ్బు ఉండకూడదు. బంధువుతో మాట పోతుందనిపిస్తే, బ్యాంకు లోను ఇవ్వనంటోందని చెప్పండి. చాలా సందర్భాల్లో అది నిజమే అవుతుంది.

పన్ను ఆదా అవుతుందన్న మాటకు ఎక్కువ విలువ ఇవ్వకండి. కొత్త పన్ను విధానంలో మీరు కాపురముండే ఇంటి రుణ వడ్డీకి గానీ, పిల్లల ట్యూషన్ ఫీజుకు గానీ మినహాయింపు లేదు. పాత విధానంలో వడ్డీకి రెండు లక్షల వరకు ఉంది; ఏది మేలో మీ ఇద్దరికీ విడివిడిగా లెక్క వేయించండి. సుకన్య ఖాతాను ఆపకండి. అప్పు తీసుకున్న వారంలోనే ఆ అప్పుకు సరిపడే టర్మ్ జీవిత బీమా పాలసీ మీ వారి పేరిట తీసుకోండి.

బాచుపల్లి ఫ్లాటుకు బయానా ఇచ్చే ముందు పాత యజమానుల లింకు డాక్యుమెంట్లు, ఆస్తి మీద ఉన్న లావాదేవీలూ తాకట్లూ చూపే ఈసీ, నిర్మాణ అనుమతి, ఓసీ, మీ వాటాకు వచ్చే అవిభాజ్య స్థలం ఎన్ని గజాలో న్యాయవాదికి చూపించండి. దగ్గరలో చెరువు ఉంటే దాని పూర్తి నీటిమట్టం హద్దు, దాని చుట్టూ కట్టడాలకు వీల్లేని బఫర్ జోన్ ఎక్కడి వరకో తప్పకుండా కనుక్కోండి. 2024 జులైలో చెరువుల, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలను తొలగించే హైడ్రా సంస్థ ఏర్పాటయ్యాక, అనుమతులున్నాయన్న మాట మీద ఊరుకోవడం ఎంత ప్రమాదమో నగరమంతా చూసింది. ధర 50 లక్షలు దాటింది కనుక అమ్మకందారుకు ఇచ్చే సొమ్ములో 1 శాతం, అంటే 78 వేలు, మీరే మినహాయించి ఆదాయపు పన్ను శాఖకు కట్టాలి. ఆ రశీదును అమ్మకపు దస్తావేజుతో పాటు భద్రపరచండి.