చేయి వాపు కంటే ఆ చలిజ్వరమే భయపెడుతోంది

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. చెన్నై పెరంబూరులో ఉంటాం. నాలుగేళ్ల క్రితం ఎడమ రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి చంకలో గడ్డలు కూడా తీశారు, రేడియేషన్ ఇచ్చారు. రెండేళ్లుగా ఎడమ చేయి వాస్తోంది. ఈ ఎండలకు, వాపు తగ్గడానికి చేతికి తొడిగే బిగుతు తొడుగు (స్లీవ్) వేసుకోలేకపోతున్నా. మెడికల్ షాపులో ఇచ్చిన నీటి మాత్రతో కాస్త తగ్గినట్టుంటోంది. మధ్యలో రెండుసార్లు చేయి ఎర్రబడి చలిజ్వరం వస్తే ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ వేసుకున్నా. చేతిని గాలితో నొక్కే పంపు మెషీన్ కొంటే వాపు పూర్తిగా పోతుందా?

జవాబు: మెషీన్ సంగతి తర్వాత చూద్దాం. మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన ఆ ఎరుపు, చలిజ్వరం చాలావరకు సెల్యులైటిస్, అంటే చర్మంలో, దాని కింద పాకే ఇన్ఫెక్షన్ అయి ఉంటుంది. చంకలో గడ్డలు తీయడం, రేడియేషన్ వల్ల లింఫ్ (కణజాలాల నుంచి తిరిగి రక్తంలోకి చేరే ద్రవం) పారుదల దెబ్బతిన్న చేతిలో ఇన్ఫెక్షన్ గంటల్లో పాకగలదు, రక్తంలోకీ వెళ్లొచ్చు. వచ్చిన ప్రతిసారీ మిగిలిన లింఫ్ నాళాలూ పాడై వాపు ముదురుతుంది. ఏ మందో, ఎంత డోసో, ఎన్ని రోజులో చూడకుండా మిగిలిన మాత్రలు మింగేస్తే ఎలాగమ్మా? తగ్గింది సరే, పూర్తిగా తగ్గిందని ఎవరు చూశారు? మళ్లీ ఎర్రబడితే, వేడెక్కితే, వణుకు వస్తే తెల్లారే దాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. చేతికి మసాజ్ చేస్తుంటే అప్పటికి ఆపేయండి, నొప్పిగా ఉంటే స్లీవ్ కూడా తీసేయండి. పదే పదే వస్తుంటే కొందరికి ముందుజాగ్రత్తగా చాలాకాలం యాంటీబయాటిక్ ఇస్తాం, అది చూసిన డాక్టరే తేల్చాలి. కత్తిపీట గీసుకున్నా, దోమ కుట్టినచోట గోకినా సూక్ష్మజీవికి దారి దొరికినట్టే. వేళ్ల సందులు తడి లేకుండా తుడుచుకోండి.

నీటి మాత్ర ఈ వాపుకు మందు కాదు. అక్కడ నిలిచింది ప్రొటీన్ కలిసిన ద్రవం. మాత్ర నీటిని లాగినా ప్రొటీన్ అక్కడే ఉంటుంది, ఈలోగా పొటాషియం, బీపీ పడిపోవచ్చు. బీపీకో గుండెకో డాక్టర్ రాసిందైతే మాత్రం సొంతంగా మానకండి.

చివరిసారి చెకప్‌కు ఎప్పుడు వెళ్లారో రాయలేదు. ఈ మధ్య వాపు ఉన్నట్టుండి పెరిగినా, నొప్పి, తిమ్మిరి ఉన్నా జబ్బు తిరగబెట్టిందేమో, సిరలో రక్తం గడ్డకట్టిందేమో ముందు చూడాలి. చంక పరీక్ష, డాప్లర్ (రక్తనాళాల స్కాన్) అవసరం కావచ్చు.

చెన్నై ఉక్కలో స్లీవ్ కష్టమే, కాదనను. అయితే ఉబ్బిన చేతికే కొలత తీసి ఇస్తే ఎవరూ భరించలేరు. లింఫెడిమాలో, అంటే ఇలా లింఫ్ నిలిచి వచ్చే వాపులో శిక్షణ ఉన్న ఫిజియోథెరపిస్టు ముందు కొన్ని వారాలు పొరల కట్టు కట్టి వాపు దించి, ఆ తర్వాత కొలత తీయాలి. పై అంచు మడవకండి, అక్కడే బిగుసుకుని కింద వాపు పెరుగుతుంది. రెండు కొనుక్కుని మార్చి మార్చి ఉతకండి, సాధారణంగా ఆర్నెల్లకు సాగు పోతుంది. రాత్రి చాలామంది తీసేయొచ్చు. ఆ చేతి గాజులు, ఉంగరం తీసేయండి. బరువు పెరిగి ఉంటే తగ్గించండి.

ఇక పంపు. కట్టు, వ్యాయామంతో పాటు కొందరికి పనికొస్తుంది, వాపును పూర్తిగా పోగొట్టదు. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు, రక్తం గడ్డ ఉన్నప్పుడు వాడకూడదు. కాబట్టి ఇప్పుడే డబ్బు కట్టకండి. చేయి చూడకుండా ఇంతకు మించి చెప్పలేను. ఈ వారంలోనే మీ క్యాన్సర్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి, వేసుకున్న మాత్రల స్ట్రిప్పులన్నీ వెంట తీసుకెళ్లండి.