పిల్లల ప్రశ్నావళి తయారుచేస్తున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం, దానితో పంపిన నలభై ప్రశ్నల ముసాయిదా అందాయి. పదేళ్ల నుంచి పదహారేళ్ల వరకు ఉన్న పిల్లల్లో ఆందోళనను కొలిచే మాపని తయారుచేస్తున్నావని తెలిసి సంతోషించాను. ముసాయిదా చదివాక ఆ సంతోషం కాస్త తగ్గింది. గణాంకాల పథకం మూడు పేజీలుంది. ఒక్క ప్రశ్నయినా ఒక పిల్లవాడి ముందు పెట్టి చూసిన ఆనవాలు మాత్రం ఎక్కడా లేదు.

ముందు జవాబుల వరుస చూడు: 'ఎప్పుడూ కాదు, కొన్నిసార్లు, తరచుగా, ఎప్పుడూ'. మొదటిదీ చివరిదీ ఒకే మాటతో మొదలవుతున్నాయి. గబగబా చదివే పదేళ్లవాడి కన్ను 'ఎప్పుడూ' దగ్గరే ఆగుతుంది. నువ్వు ఇంగ్లీషు మాపనిని తెలుగు చేసి, వేరొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి రాయించి సరిచూశానన్నావు. మంచి పనే, కానీ ఆ పరీక్షలో ఈ రెండు జవాబులూ మచ్చ లేకుండా నెగ్గుతాయి. తిరిగి అనువదించేవారు వాక్యం చివరిదాకా చదివే పెద్దలు కదా! 'అస్సలు లేదు', 'దాదాపు ప్రతిరోజూ' అని మార్చి చూడు. 'తరచుగా' అన్న మాట కూడా పిల్లల నోట వినపడదు. 'చాలాసార్లు' అంటే పోతుంది.

రెండో భాగంలో 'నాకు స్నేహితులు లేరు' అని రాసి, అవునో కాదో చెప్పమన్నావు. అచ్చంగా ఇలాంటి వాక్యమే నేనూ ఒకప్పుడు రాశాను. తొమ్మిదేళ్ల పాప 'అవును' చుట్టూ సున్నా చుట్టింది. అంతకు కాసేపటి ముందే ఆ పాప నలుగురిని వెంటేసుకుని ఆడుకోవడం కళ్లారా చూశాను. "అవును అని పెట్టావేమ్మా?" అని అడిగితే, "అవును, ఉన్నారు కదా!" అంది, ఆ మాత్రం తెలియదా అన్నట్టు. కాగితం మీద మాత్రం ఆ పాప ఒంటరిది. అన్నిటికీ ఒకే జవాబు పెట్టుకుంటూ పోకుండా మధ్యలో వ్యతిరేక వాక్యాలు కలపడం పెద్దవాళ్ల మాపనుల్లో అలవాటు. చిన్నపిల్లల దగ్గర ఆ కిటుకు కొలిచేది ఆందోళనను కాదు, చదివే నేర్పును.

అందుకే కంప్యూటర్ తెరవకముందు పదిహేను ఇరవై మంది పిల్లల పక్కన, ఒక్కొక్కరితో విడిగా కూర్చో. చదవడంలో వెనకబడినవారిని కావాలని ఎంచుకో. "అర్థమైందా?" అని మాత్రం అడగకు, అందరూ అర్థమైందనే అంటారు. "ఇది నీ మాటల్లో చెప్పు, ఈ జవాబు ఎందుకు పెట్టావు?" అని అడుగు. ఈ పనికి నెల పడుతుంది. పడనీ.

ఇక విశ్వసనీయత, అంటే మాపని ఎంత నిలకడగా కొలుస్తుందన్నది. మనస్తత్వ శాస్త్రవేత్త క్రాన్‌బాక్ 1951లో ప్రచారంలోకి తెచ్చిన ఆల్ఫా మీద, అంటే ప్రశ్నల జవాబులు ఒకదానితో ఒకటి ఎంత కలిసి నడుస్తాయో చెప్పే అంకె మీద, నీకు చాలా నమ్మకం ఉన్నట్టుంది. 0.90 దాటేదాకా ప్రశ్నలు తీసేస్తూ పోతానన్నావు. అలా వడకడితే చివరికి ఒకే ప్రశ్న పది వేషాల్లో మిగులుతుంది, ఆల్ఫా మాత్రం వెలిగిపోతుంది. ప్రశ్నల సంఖ్య పెంచినా అది పెరుగుతుంది. మా మొదటి మాపనికి ఆల్ఫా బ్రహ్మాండంగా వచ్చింది. తీరా చూస్తే దాని స్కోర్లు మరో ఆందోళన మాపని కన్నా పఠన పరీక్ష మార్కులతోనే ఎక్కువగా కలిశాయి. రెండేళ్ల శ్రమ బుట్టదాఖలైంది. నీ పథకంలో పఠన పరీక్ష లేదు, చేర్చు.

రెండు వారాల తర్వాత మళ్లీ అదే ప్రశ్నావళి ఇస్తే, ఎవరూ ఏమీ చేయకపోయినా లక్షణాల స్కోర్లు కొంత తగ్గడం తరచూ కనిపించే విషయమే. దాన్ని చూసి ఎవరో బాగుపడ్డారనుకోకు. ఒక విడత పరీక్షల ముందు, ఇంకో విడత సెలవుల తర్వాత పెట్టుకోకు.

తల్లిదండ్రులు, టీచర్లు ఇచ్చిన జవాబులు పిల్లల జవాబులతో కలవకపోతే మాపని చెడిపోయినట్టేనా అని అడిగావు. కాదు. పిల్లల మనస్తత్వ పరిశోధకుడు అకెన్‌బాక్, ఆయన సహచరులు 1987లో 119 అధ్యయనాలను కలిపి చూస్తే, పిల్లల జవాబులకూ ఇతరుల జవాబులకూ మధ్య సగటు సహసంబంధం (పూర్తిగా కలిస్తే 1, ఏ పొంతనా లేకపోతే 0) 0.22 మాత్రమే. తల్లిదండ్రులు, టీచర్లలా వేర్వేరు చోట్ల పిల్లల్ని చూసే పెద్దల మధ్య కూడా ఆ సగటు 0.28 దాటలేదు. ఇంట్లో ఒకలా, బడిలో మరోలా, లోపల ఇంకోలా ఉండే మనిషిని ముగ్గురు చూస్తున్నారు. ఆ ముగ్గురినీ కలిపి సగటు తీయకు. తేడానే సమాచారం.

పదేళ్లకూ పదహారేళ్లకూ ఒకే స్కోరు ఒకే అర్థం ఇస్తుందో లేదో విడిగా పరీక్షించాలి. నీ 'కడుపునొప్పి వస్తుంది' తీసుకో. పదేళ్ల పిల్లవాడిలో అది బడి భయం కావచ్చు. పదిహేనేళ్ల అమ్మాయిలో నెలసరి నొప్పి కావచ్చు. ఆందోళన ఒకే స్థాయిలో ఉన్నా, ఈ ఒక్క ప్రశ్న వల్ల అమ్మాయిల స్కోరు పెరుగుతుంది. ఆ తర్వాత ఎవరో 'అమ్మాయిల్లో ఆందోళన ఎక్కువ' అని రాస్తారు.

'సప్రమాణత కలిగిన మాపని', అంటే కొలవాలనుకున్నదాన్నే కొలుస్తుందని రుజువైన మాపని అని శీర్షికలో అప్పుడే రాసుకున్నావు. కొట్టెయ్యి. సప్రమాణత మాపనికి అంటుకుని ఉండేది కాదు, ఆ స్కోరుతో నువ్వు ఏం చేయబోతున్నావన్నదానికి సంబంధించినది. 1905లో ఫ్రాన్స్‌లో బినే, సైమన్ తమ తెలివితేటల పరీక్షను తెచ్చింది ప్రత్యేక బోధన కావలసిన పిల్లలను గుర్తించడానికి. బినే దాన్ని మార్పు లేని తెలివికి కొలతగా చూడలేదు. తరువాతివాళ్లు అదే అంకెను పిల్లల నుదుటిరాతగా చదివారు.

నీ మాపనితో బడి మొత్తాన్ని జల్లెడ పడతామంటున్నారు కాబట్టి ఒక చిన్న లెక్క. వెయ్యి మందిలో యాభై మందికి నిజంగా సమస్య ఉందనుకో. నీ మాపని వారిలో నూటికి ఎనభై మందిని పట్టుకుంటుంది, సమస్య లేనివారిలో నూటికి తొంభై మందిని సరిగ్గా వదిలేస్తుంది అనుకో. నలభై మంది దొరుకుతారు. వారితోపాటు ఏ సమస్యా లేని తొంభై అయిదు మంది కూడా దొరుకుతారు. ఆ నూట ముప్ఫై అయిదు ఇళ్లకూ ఏమని కబురు పంపుతారు? బడివాళ్లతో ఈ మాట ముందే మాట్లాడు.

అనుమతి పత్రాలు బాగానే ఉన్నాయి. తల్లిదండ్రుల సంతకం ఉన్నా, పిల్లవాడు వద్దంటే వద్దనే.

చివరిగా 31వ ప్రశ్న, 'నాకు బతకాలనిపించదు'. కాగితాలన్నీ కట్ట కట్టి బీరువాలో పెట్టి, నెలాఖరుకు కంప్యూటర్లోకి ఎక్కిస్తానని రాశావు. ఆ నెలంతా ఒక పిల్ల జవాబు బీరువాలో పడి ఉంటుంది. పిల్లలు గది వదలకముందే ఆ ప్రశ్న ఎవరు చూస్తారో, ఆ రోజే ఆ పిల్లతో ఎవరు మాట్లాడతారో, ఎవరి దగ్గరకు పంపుతారో ఒక కాగితం మీద రాసి నాకు పంపు. అది వచ్చేదాకా ప్రశ్నావళి అచ్చుకు ఇవ్వకు.