రాత్రయితే నెట్ నత్తనడక

ప్రశ్న: మాది మల్కాజిగిరి, 100 ఎంబీపీఎస్ ప్లాన్. పొద్దున బాగానే వస్తుంది గానీ రాత్రి ఎనిమిది దాటితే అమెరికాలో ఉన్న మా అమ్మాయి ముఖం వీడియో కాల్‌లో బొమ్మలా ఆగిపోతుంది. పెద్ద ప్లాన్ తీసుకోమంటారా? – ఒక పాఠకురాలు

జవాబు: తొందరపడకండమ్మా. ఆ 100 ఎంబీపీఎస్ వేగం మీ ఒక్కరికే పక్కన పెట్టింది కాదు. మీ బిల్డింగూ, పక్క వీధీ అంతా ఒకే లైను పంచుకుంటారు, ఆఫీసులు వదిలాక అమీర్‌పేట రోడ్డు ఎలా ఉంటుందో రాత్రిపూట ఆ లైనూ అంతే. రూటర్‌కు ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో కలిపి ఉదయం ఆరింటికోసారి, రాత్రి తొమ్మిదింటికోసారి స్పీడ్ చూసి ఫొటో తీసుకోండి. రాత్రి మాత్రమే పడిపోతుంటే సమస్య చాలావరకు నెట్ కంపెనీ వాళ్ల లైనుదే, అప్పుడు పెద్ద ప్లాన్‌కూ అదే గతి (అమ్మేవాడు ఈ మాట చెప్పడు లెండి). రోజంతా తక్కువే ఉంటే నెలవారీ డేటా పరిమితి దాటాక వేగం తగ్గించారేమో అడగండి.

మొబైల్‌లో అర్ధరాత్రి తర్వాత డేటా చవగ్గా ఇచ్చే ప్యాకులు ఊరికే పెట్టరు, రద్దీని ఖాళీ వేళకు నెట్టడానికే. అయితే మీరు చూసే సైటును బట్టి వేరే రేటు వేయడాన్ని మాత్రం టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016లోనే నిషేధించింది. పెద్ద డౌన్‌లోడ్‌లు, అప్‌డేట్‌లు తెల్లవారుజాముకు పెట్టుకోండి. అమ్మాయితో మాటలు పొద్దున ఏడింటికి మార్చి చూడండి, అక్కడ వాళ్లకు ముందురోజు సాయంత్రమో రాత్రో అవుతుంది కదా.