సంతకం లేని ఆర్డరు గురించి మేనల్లుడికి

పర్లాకిమిడి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

గుణుపురం హాస్టలు ఓనరు నువ్వు చేసిన ఇనుప మంచాలన్నీ దింపించుకుని, బాకీ అడిగితే "అగ్రిమెంటు మీద నేను సంతకం పెట్టానా?" అంటున్నాడని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నీకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదట కూడా. ఆ మాటకు అంత టెన్షన్ అక్కర్లేదురా.

ఇలాంటివాటికి మనకున్నది 1872 నాటి కాంట్రాక్టు చట్టం. ఇద్దరూ ఇష్టపడి ఒప్పుకున్నారా, ప్రతిఫలం ఉందా, పని చట్టబద్ధమైనదేనా అని 10వ సెక్షన్ చూస్తుంది. రాతకోత తప్పనిసరి అని వేరే చట్టం చెప్పిన వాటిని వదిలేస్తే, నోటిమాట కూడా చెల్లుతుంది. నీ కొటేషన్ చూసి అడ్వాన్సు వేశాడు, కొలతలు పంపాడు, సరుకు దింపించుకున్నాడు. ఒప్పుకున్నానని ఇంకెలా చెబుతాడు?

మన ఒడిశా కంపెనీ కేసే ఉంది. కలహండిలో లాంజిగఢ్ అల్యూమినా ఫ్యాక్టరీ తెలుసుగా, ఆ వేదాంత అల్యూమినియం వాళ్లకు ట్రైమెక్స్ అనే కంపెనీతో 2007లో బాక్సైట్ బేరం ఈమెయిళ్లలోనే నడిచింది. తర్వాత గొడవొచ్చి, సంతకాలతో అసలు కాంట్రాక్టే రాసుకోలేదు కదా అని వేదాంత వాదించింది. 2010లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. ముఖ్యమైన షరతులన్నీ ఈమెయిళ్లలో తేలిపోయాయి, లాంఛనంగా కాగితం రాసుకోనంత మాత్రాన ఒప్పందం లేదనడం కుదరదంది. ఓడలకొద్దీ సరుకుకు వర్తించింది నీ ఇనుప మంచాలకు వర్తించదా?

ఒక్క మెలిక మాత్రం చూసుకో. "సంతకాలయ్యేదాకా ఎవరికీ బాధ్యత లేదు" అనే వాక్యం మీ రాతల్లో ఎక్కడైనా ఉంటే కథ మారుతుంది. నెట్‌లోంచి దించుకున్న నమూనాల్లో ఇలాంటివి దూరుతుంటాయి. అప్పుడైనా నీ డబ్బు పూర్తిగా పోదు. ఊరికే ఇవ్వని సరుకును వాడుకుని లాభపడ్డవాడు పరిహారం ఇవ్వాలని 70వ సెక్షన్ ఉంది. కాకపోతే ఎంత అన్నది కోర్టు కడుతుంది, నీ కొటేషన్‌లో ఉన్న అంకె రావాలని లేదు.

నీ అసలు పని రుజువుల దగ్గర ఉంది. ఒడియాలో అతను పంపిన వాయిస్ మెసేజ్‌లు ఒక్కటీ చెరపకు, కేసు తేలేదాకా ఆ ఫోన్ అమ్మకు. స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి ఇస్తే సరిపోదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ (అంటే సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ ప్రకారం, అది ఏ ఫోన్లోంచి ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ జత చేయాలి, లాయరు చేయిస్తాడు. అడ్వాన్సు పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, హాస్టలు వాచ్‌మన్ సంతకం పెట్టిన డెలివరీ చలానా, జీఎస్టీ బిల్లు ఒక ఫైల్లో పెట్టు. ఆ వాచ్‌మన్ సంతకం ఓనరు సంతకం కన్నా ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

గొడవ పడకుండా, బాకీ ఎంతో రాసి ఎప్పుడిస్తారని మెసేజ్ పెట్టు. "వచ్చే నెల చూద్దాం" అని జవాబిచ్చాడా, బాకీ ఉందనడానికి అదీ ఒక ఆధారం. అలాగని ఏళ్లకేళ్లు సాగదీయకు, దావాకు గడువు మూడేళ్లే. పని మొదలుకాకముందే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు) చేయించుకుని ఉంటే ఇంకో దారి కూడా ఉంది. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం గడువేమీ అనుకోకపోతే 15 రోజుల్లో, అనుకున్నా 45 రోజులు దాటకుండా డబ్బివ్వాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. ఈ ముక్క నోటీసులో పడితే చాలామంది మెత్తబడతారు.

బ్లాకు ఆఫీసు బెంచీల ఆర్డరు కూడా మాట మీదే మొదలుపెడదామనుకుంటున్నావట. వద్దు. ప్రభుత్వంతో కాంట్రాక్టు గవర్నరు పేరున, అధికారం ఉన్నవాళ్ల సంతకంతోనే ఉండాలని రాజ్యాంగం 299వ అధికరణం. ఆఫీసరు ఎంత మంచివాడైనా చేతికి వర్క్ ఆర్డరు వచ్చాకే ఇనుము కొను.

ఇంకోటి. సంతకం లేని మాట అతన్ని కట్టేసినట్టే నిన్నూ కట్టేస్తుంది. ఏడాదిలోపు ఏ మంచం పాడైనా మార్చిస్తానని నువ్వే వాట్సాప్‌లో రాశావట కదా. నాలుగైదు మంచాల కోళ్లు వంగాయని అతను అంటున్నది నిజమైతే, లాయరు నోటీసు కన్నా ముందు వెల్డరును పంపి సరిచేయించు. ఫొటోలు తీసి అతనికే పంపు, నాకూ పంపు.

మీ మావయ్య